నారోబోటులో నాప్టన్ నుంచి క్రోప్రెడీ దాకా: 18 లాకులు, ఇద్దరు పిల్లలు, నాన్నగారు. సలహాలు కావాలి

సుధ_కవెంట్రీ • 14 ఏప్రిల్, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మే నెలాఖరులో స్కూళ్లకు వారం సెలవులు కదా, ఈసారి విమానం ఎక్కకుండా ఒక నారోబోటు (ఇక్కడ ఇంగ్లండు కాలువల్లో తిరిగే సన్నటి, పొడుగాటి ఇంటి పడవ) అద్దెకు తీసుకున్నాం. సోమవారం మధ్యాహ్నం నుంచి శుక్రవారం పొద్దున దాకా, నాలుగు రాత్రులు. బోటు 60 అడుగులు. నాప్టన్ దగ్గర ఎక్కి, సౌత్ ఆక్స్‌ఫర్డ్ కెనాల్ మీద క్రోప్రెడీ వెళ్లి, అదే దారిన వెనక్కి రావాలని ప్లాన్.

మాలో ఎవరికీ బోటు నడిపిన అనుభవం లేదు. పిల్లలకు 11, 7 ఏళ్లు. నిడదవోలు నుంచి మా నాన్నగారు వచ్చి ఉన్నారు, ఆయనకు 71. మోకాళ్లు కొంచెం ఇబ్బంది పెడతాయి, కానీ వస్తానని గట్టిగా అంటున్నారు. ఒకవైపుకే 18 లాకులట (లాకు అంటే నీళ్లు నింపి, వదిలి పడవను ఒక మట్టం నుంచి ఇంకో మట్టానికి ఎక్కించి దించే తలుపుల గది). బుక్ చేసేటప్పుడు సరదాగా ఉంది, ఇప్పుడు వీడియోలు చూస్తుంటే టెన్షన్ మొదలైంది. లాకు దాటడం నిజంగా కష్టమా? ఎవరైనా వెళ్లొచ్చినవాళ్లు చెప్పండి.

రఫీ_నాటింగ్‌హామ్ • 14 ఏప్రిల్, రాత్రి 10:25

సుధ గారూ, మంచి దారి ఎంచుకున్నారు. మేం ఏడేళ్లుగా ఏటా ఒకసారి వెళ్తున్నాం, అందులో ఈ దారి రెండుసార్లు. కష్టం కాదు, కానీ వరస తప్పకూడదు. ఆ వరస చెప్తాను.

నాప్టన్ దగ్గర 9 లాకులు పైకి ఎక్కాలి. ఆ తర్వాత 11 మైళ్లు ఒక్క లాకు కూడా ఉండదు. మళ్లీ క్లేడన్ నుంచి క్రోప్రెడీ దాకా 9 కిందికి. అన్నీ ఏడడుగుల వెడల్పు లాకులే. మీ బోటు వెడల్పు దాదాపు ఆరడుగుల పది అంగుళాలు ఉంటుంది, అంటే చెరోవైపు అంగుళం సందు. మొదటిసారి లోపలికి వెళ్లేటప్పుడు గుండె కొట్టుకుంటుంది. బాగా ముందు నుంచే వేగం తగ్గించి, తిన్నగా పెట్టండి. గోడకు రాసుకున్నా ఫర్వాలేదు, స్టీలు బోటు.

ఎక్కేటప్పుడు ముందు లాకు ఖాళీగా ఉందో లేదో చూడండి. నిండుగా ఉండి, పైనుంచి ఎవరైనా వస్తుంటే వాళ్లను ముందు దిగనివ్వండి. ఖాళీ లాకులోకి బోటు తీసుకెళ్లి, వెనక తలుపులు మూసి, కింది తూములు (నీళ్లు వదిలే చిన్న తలుపులు) పూర్తిగా దిగాయో లేదో కళ్లతో చూసి, అప్పుడు పై తూములు తెరవాలి. ఆ తూములు తిప్పే హ్యాండిల్‌ను విండ్‌లాస్ అంటారు. సగం తెరిచి ఆగండి. బోటు ఎలా ఊగుతోందో చూడండి. స్టీరింగ్ దగ్గరున్న మనిషి చెయ్యి ఊపాక మిగతా సగం. గట్టు మీది తూములు ముందు, తలుపుకే ఉన్న తూములుంటే అవి చివర్లో. లేకపోతే బోటు ముందుభాగం మీద నీళ్లు ధారగా పడతాయి.

రెండువైపులా నీటి మట్టం సమానం అయ్యేదాకా తలుపు కదలదు, పదిమంది తోసినా కదలదు. సమానమయ్యాక ఒక్క మనిషి నడుం ఆనిస్తే తెరుచుకుంటుంది. తలుపు కదలకపోతే తప్పు బలానిది కాదు, ఇంకా టైం కాలేదని అర్థం.

విండ్‌లాస్‌ను ఇరుసు మీద వదిలేసి పక్కకు పోకండి. కొక్కెం జారితే అది గిర్రున తిరిగి చెయ్యి విరగ్గొడుతుంది. పిల్లలకు ఇది ముందే చెప్పండి.

వాణి_స్లావ్ • 15 ఏప్రిల్, ఉదయం 7:55

నాది వేరే అభిప్రాయం, ఏమీ అనుకోవద్దు. ఏడేళ్ల పాపతో అయితే నేను వెళ్లను. కాలువ చాలాచోట్ల నడుం లోతే కావచ్చు, కానీ లాకు అలా కాదు. ఖాళీ లాకు అంచున నిలబడి కిందికి చూడండి, నిలువు గోడలు, తడి, పాచి. మేం ఒకసారి పగటిపూట రైడుకి వెళ్లాం, మా అబ్బాయి గట్టు నుంచి బోటు పైకప్పు మీదికి దూకబోయాడు. పట్టుకున్నాను కాబట్టి సరిపోయింది. ఆ రాత్రి నాకు నిద్ర లేదు.

రఫీ_నాటింగ్‌హామ్ • 15 ఏప్రిల్, మధ్యాహ్నం 1:10

వాణి గారి భయం సరైనదే, కొట్టిపారేయను. మేం పెట్టుకున్న నియమాలు ఇవి: బోటు బయట ఉన్నంతసేపూ పిల్లలకు లైఫ్ జాకెట్; లాకు దగ్గర పరుగు లేదు; దూకడం ఎవరికీ లేదు, పెద్దవాళ్లకు కూడా. గట్టు, బోటు కలిశాక అడుగు వేసి దిగాలి. బోటుకీ గోడకీ మధ్య చెయ్యి గానీ కాలు గానీ పెట్టకూడదు. 15, 20 టన్నుల బరువు మెల్లగా వస్తున్నట్టే ఉంటుంది, కానీ ఆపలేం.

ఇంకోటి చెప్పాలి. ఇది నా సొంత అనుభవం, రాయడానికి ఇప్పటికీ మనసు ఒప్పదు.

దిగే లాకుల్లో పై తలుపు కింద లోపలికి చొచ్చుకొచ్చిన ఒక రాతి గడప ఉంటుంది. లాకు నిండుగా ఉన్నప్పుడు కనిపించదు. అది ఎక్కడిదాకా ఉందో పక్క గోడ మీద తెల్ల గీత గీసి చూపిస్తారు. బోటు వెనకభాగం ఎప్పుడూ ఆ గీతకు కింది తలుపు వైపే ఉండాలి. మా రెండో ట్రిప్పులో నేను చుక్కాని దగ్గర ఉన్నాను, మా తమ్ముడు కింది తూములు తెరిచాడు. నేను టీ కప్పు అందుకోవడానికి లోపలికి వంగాను. ఆ కాసేపట్లో బోటు వెనక్కి జరిగింది. కర్‌మని చప్పుడు. వెనకభాగం గడప మీద ఆనుకుంది, నీళ్లు తగ్గుతున్నాయి, ముందుభాగం కిందికి వంగుతోంది. వంటింట్లో గిన్నెలు జారుతున్న శబ్దం వినిపించింది. నేను అరిచిన అరుపుకి తమ్ముడు కింది తూములు టక్కున దించేశాడు, తర్వాత పై తూము కొద్దికొద్దిగా తెరిచి నీళ్లు నింపాం. బోటు మళ్లీ తేలింది. ఇంకో రెండు నిమిషాలు చూడకుండా ఉంటే ముందునుంచి నీళ్లు లోపలికి వచ్చి మునిగేది. ఇలా ఎక్కడో ఒకచోట మునిగిన బోట్ల గురించి వింటూనే ఉంటాం.

అందుకే దిగేటప్పుడు చుక్కాని పట్టుకున్న మనిషికి వేరే ఏ పనీ ఉండకూడదు. ఫోన్ వద్దు, టీ వద్దు. తూము దగ్గరున్నవాళ్లు నీళ్లను కాదు, బోటును చూడాలి.

పాత_కాలువల_ప్రసాద్ • 15 ఏప్రిల్, రాత్రి 8:30

రఫీ గారు "గడప", "తూము" అని రాస్తుంటే చదవడానికి హాయిగా ఉంది. గోదావరి జిల్లాల్లో పుట్టినవాళ్లకు లాకు అనే మాట ఇంట్లో మాటే. ధవళేశ్వరం ఆనకట్టను కాటన్ దొర 1847లో మొదలుపెట్టి 1852లో పూర్తిచేశాడు. ఆ తర్వాత డెల్టా కాలువలు సాగుకే కాదు, పడవల రవాణాకూ పనికొచ్చేలా లాకులతో కట్టారు. రైళ్లకంటే జలమార్గాలే దేశానికి చవక అని ఆయన జీవితాంతం వాదించాడు.

ఇంగ్లండు కథ అంతకు ఎనభై తొంభై ఏళ్ల ముందుది. జేమ్స్ బ్రిండ్లీ అనే ఇంజనీరు 1761లో తెరుచుకున్న బ్రిడ్జ్‌వాటర్ కాలువతో పేరు తెచ్చుకుని, ట్రెంట్ అండ్ మెర్సీ కాలువకు ఏడడుగుల సన్న లాకులు ఖాయం చేశాడు. మిడ్‌లాండ్స్ కాలువలు చాలావరకు ఆ కొలతనే పట్టుకున్నాయి. నారోబోటు అంత సన్నగా, పొడుగ్గా ఉండటానికి కారణం అదే, లాకు ఎంత ఉంటే పడవ అంత. సుధ గారు వెళ్లే కాలువ కూడా బ్రిండ్లీ మొదలుపెట్టిందే. ఆయన 1772లో పోయాడు, కాలువ ఆక్స్‌ఫర్డ్ చేరింది 1790లో.

ఒక్క తేడా గమనించండి. మన డెల్టా కాలువ పారుతుంది, పొలాలకు పోతుంది. ఇక్కడి కాలువ దాదాపు నిలవ నీరు. మీరు ఒక సన్న లాకు దాటిన ప్రతిసారీ లక్ష లీటర్లకు పైగా నీళ్లు ఎత్తు నుంచి కిందికి పోతాయి. శిఖరాన ఉన్న ఆ 11 మైళ్ల భాగం రెండు చివర్ల నుంచీ ఖాళీ అవుతూ ఉంటుంది. దాన్ని నింపడానికే బాడింగ్టన్, వర్మ్‌లైటన్, క్లాటర్‌కోట్ చెరువులు కట్టారు. వానలు లేని ఏడాది లాకులకు టైములు పెడతారు, ఒక్కోసారి మూసేస్తారు. ఈ కాలువలను చూసుకునే కెనాల్ అండ్ రివర్ ట్రస్ట్ వెబ్‌సైట్‌లో బయల్దేరే ముందురోజు చూసుకోండి.

అన్నపూర్ణ_రెడింగ్ • 16 ఏప్రిల్, ఉదయం 11:15

వంట సంగతి ఎవరూ రాయలేదు. గ్యాస్ స్టవ్, చిన్న ఫ్రిజ్ ఉంటాయి. మిక్సీ, ఎలక్ట్రిక్ రైస్ కుక్కర్ మాత్రం చాలా బోట్లలో నడవవు, బ్యాటరీ కరెంటు చాలదు. ప్రెషర్ కుక్కర్ పట్టుకెళ్లండి. దోసెల పిండి ఇంట్లోనే రుబ్బి డబ్బాలో పోసుకోండి. మొదటిరోజుకి పులిహోర కలిపి తీసుకెళ్తే ఆ సాయంత్రం ఎవరికీ వంట ధ్యాస ఉండదు, ఎందుకంటే అప్పటికి అందరి చేతులూ తాళ్ల మీదే ఉంటాయి. నీళ్ల ట్యాంకు రోజూ నింపండి, నింపడానికి అరగంట పైనే పడుతుంది. టాయిలెట్ ఏ రకమో బోటు ఇచ్చేటప్పుడే అడిగి తెలుసుకోండి, క్యాసెట్ అయితే మీరే ఖాళీ చేయాలి.

సుధ_కవెంట్రీ • 16 ఏప్రిల్, రాత్రి 9:05

అందరికీ చాలా థాంక్స్. వాణి గారూ, మీరు రాసింది చదివి పాపకి కొత్త లైఫ్ జాకెట్ కొన్నాను, పట్టీలు సరిగ్గా ఉన్నాయో లేదో బాత్‌టబ్‌లో చూశాం. రఫీ గారూ, టైం సరిపోతుందంటారా?

రఫీ_నాటింగ్‌హామ్ • 16 ఏప్రిల్, రాత్రి 9:50

లెక్క ఇలా వేసుకుంటాం: మైళ్లూ లాకులూ కలిపి మూడుతో భాగిస్తే గంటలు వస్తాయి. మీకు ఒకవైపుకి సుమారు 16 మైళ్లు, 18 లాకులు. 34ని మూడుతో భాగిస్తే 11 గంటలకు పైన. రానుపోను 23 గంటలు. మూడు నిండు రోజులున్నాయి, సోమవారం సాయంత్రం కొంత, శుక్రవారం పొద్దున కొంత. కొత్తవాళ్లకు లాకుకి ఇరవై నిమిషాలు దాటొచ్చు. సరిపోతుంది, కానీ మధ్యాహ్నం నిద్రలకు చోటుండదు. వేగ పరిమితి గంటకు 4 మైళ్లు. కట్టి ఉన్న బోట్ల పక్కన అయితే అంతకంటే బాగా తగ్గించాలి, లేకపోతే వాళ్ల తాళ్లు లాగేసుకుంటాయి.

బోటు ఎక్కడ తిప్పాలో మ్యాపులో ముందే గుర్తుపెట్టుకోండి. కాలువ వెడల్పే 60 అడుగులు ఉండదు, తిప్పడానికి తవ్విన చోట్లు ప్రత్యేకంగా ఉంటాయి.

చైతన్య_డెర్బీ • 17 ఏప్రిల్, ఉదయం 8:20

నేనూ ఆగస్టులో వెళ్దామనుకుంటున్నా. సుధ గారూ, వచ్చాక తప్పకుండా రాయండి.

సుధ_కవెంట్రీ • 2 జూన్, రాత్రి 10:15

వెళ్లొచ్చాం! ఆలస్యంగా రాస్తున్నాను, బట్టలు ఉతుక్కోవడమే రెండు రోజులు పట్టింది.

మొదటి గంట బాలేదు, అదే ముందు చెప్తాను. చుక్కాని కర్ర కుడికి తోస్తే బోటు ఎడమకి తిరుగుతుంది, అదీ కాసేపాగి తిరుగుతుంది. మా ఆయన రోజూ కారు నడిపే మనిషి, ఆయన చెయ్యి పదేపదే తప్పు వైపుకే పోయింది. ఒక వంతెన కింద గోడకు తగిలాం. ఇంకోచోట బురదలో కూరుకుపోతే గడకర్రతో తోసి, రివర్స్‌లో బయటికి వచ్చాం. మొదటి లాకు దగ్గర వాలంటీరు లాక్ కీపర్ ఒక పెద్దావిడ ఉన్నారు. మా ముఖాలు చూసి, "ఈరోజు ఎవరికీ తొందర లేదు కదా" అన్నారు. ఆ మాటతో సగం టెన్షన్ పోయింది.

నాన్నగారి గురించి రాయాలి. బోటులోనే కూర్చుని చూస్తారనుకున్నాం. ఆయన రెండో లాకు దగ్గరే దిగిపోయారు. గట్టున నిలబడి, "తూము ఎక్కడుంది? గడప ఎంత దూరం వచ్చింది?" అని అడుగుతున్నారు. చిన్నప్పుడు నిడదవోలు కాలువ మీద ధాన్యం పడవలు లాకు దాటడం చూస్తూ బడికి ఆలస్యంగా వెళ్లి దెబ్బలు తిన్నారట. ఈ సంగతి నాకు నలభై ఏళ్లలో ఎప్పుడూ చెప్పలేదు.

మూడో లాకులో నీళ్లు నిండుతున్నాయి. ముందు తెల్లటి నురగ, తర్వాత సుడులు, తర్వాత నూనెలాగా నున్నగా అయిపోయింది. బోటు పైకప్పు మా పాదాల దగ్గరికి వచ్చింది. మా ఆయన తలుపు దూలాన్ని అప్పటికే తోస్తున్నారు, కదలట్లేదు. నాన్నగారు ఆయన్ని ఆగమని, దూలం మీద అరచెయ్యి పెట్టి నిలబడ్డారు, తొయ్యలేదు. దూలం కింద నేల మీద అర్ధచంద్రాకారంగా ఇటుకలు పరిచి ఉంటాయి. మధ్యమధ్యలో ఒక వరస ఇటుకలు కాస్త ఎత్తుగా ఉంటాయి, తోసేటప్పుడు కాలు ఆనించుకోవడానికి. ఆయన చెప్పు మడమను ఆ ఇటుకకు ఆనించి, ఒక నిమిషం పాటు ఉత్తినే అలా ఉన్నారు. తర్వాత "ఇప్పుడు" అన్నారు. దూలం ఆయన చెయ్యి కిందనే కదిలింది. అక్కడి నుంచి మిగతా లాకుల్లో తలుపు ఎప్పుడు తెరవాలో చెప్పే పని ఆయనదే. విండ్‌లాస్ మా పెద్దాడిది. పాపది "గీత దాటలేదు" అని అరిచే పని. రఫీ గారూ, మీ టీ కప్పు కథ వాళ్లకి చదివి వినిపించాను. దిగిన ప్రతి లాకులోనూ తెల్ల గీత మీద నుంచి పాప చూపు తిప్పలేదు.

నాప్టన్ లాకుల పక్క పొలంలో గేదెలున్నాయి! నల్లటి, కొమ్ములు వంగిన మన గేదెలే. ఇంగ్లండు గడ్డి మధ్య వాటిని చూసి నాన్నగారు గట్టు మీదే ఆగిపోయారు, వెనక బోటువాళ్లు మాకోసం ఆగాల్సి వచ్చింది.

శిఖరం మీది 11 మైళ్లు మాకు అన్నిటికంటే నచ్చాయి. బ్రిండ్లీ కాలంలో కొండను తవ్వకుండా నేల మట్టం ఎటుపోతే కాలువ అటు తిప్పారు కాబట్టి, వర్మ్‌లైటన్ దగ్గర ఒకే చర్చి కుడివైపు కనిపించి, మళ్లీ ఎదురుగా కనిపించి, మళ్లీ వెనక కనిపిస్తుంది. కంచెలన్నీ తెల్లటి పూలతో ఉన్నాయి. రాత్రి తొమ్మిదిన్నరకి కూడా వెలుగు ఉంది. ఇనప మేకులు సుత్తితో కొట్టి గట్టుకి బోటు కట్టేసి, ఇంజన్ ఆపాక వచ్చిన నిశ్శబ్దంలో బాతు పిల్లలు బోటు అడుగున పాచి గీక్కుని తినే చప్పుడు మంచం మీద పడుకుంటే చెవి పక్కనే వినిపించింది.

బుధవారం బాగా వాన. వానలో కూడా లాకులు దాటాల్సిందే. అందరం తడిసి ముద్దయ్యాం, ఆ సాయంత్రం అన్నపూర్ణ గారు చెప్పిన కుక్కర్లో ముద్దపప్పు, ముందే చేసుకెళ్లిన గోంగూర. ఒక విండ్‌లాస్ నీళ్లలో పడిపోయింది. రెండు తీసుకెళ్లండి, ఇది అందరికీ నా సలహా.

క్రోప్రెడీలో ఎక్కువసేపు ఉండలేకపోయాం. 1644లో అంతర్యుద్ధంలో పోరాటం జరిగిన వంతెన చోటు చూసి, పాలు కొనుక్కుని వెనక్కి తిరిగాం.

రఫీ_నాటింగ్‌హామ్ • 2 జూన్, రాత్రి 10:50

చదువుతూ ఉంటే కళ్లు చెమర్చాయి సుధ గారూ. దూలం మీద చెయ్యి పెట్టి ఆగడం, అదే అసలు పని. నాకు అది తెలియడానికి మూడు ట్రిప్పులు పట్టింది. వచ్చే ఏడాదికి సిద్ధమైతే హాటన్ చూడండి, వారిక్ పక్కనే 21 లాకులు వరసగా. అవి వెడల్పు లాకులు, రెండు నారోబోట్లు పక్కపక్కన పడతాయి. మీరూ మేమూ కలిసి ఎక్కొచ్చు. తలుపులు బరువు, మనుషులు కావాలి.

వాణి_స్లావ్ • 3 జూన్, ఉదయం 8:05

పాప క్షేమంగా వచ్చినందుకు సంతోషం. గీత చూసే పని పాపకి ఇవ్వడం మంచి ఆలోచన. పని అప్పజెప్తే పరిగెత్తరు. మా వాడికి వచ్చే ఏడాది తొమ్మిది నిండుతాయి. ఆలోచిస్తాను.

పాత_కాలువల_ప్రసాద్ • 3 జూన్, రాత్రి 9:20

సుధ గారూ, నాన్నగారిని ఒక్కటి అడగండి. ఇక్కడ గుర్రాలు తాడుతో బోటు లాగేవి కదా, వంతెనల మూలల్లో ఆ తాళ్ల గాట్లు చూశారా? నిడదవోలు కాలువ మీద మనుషులు తాడు లాగుతూ గట్టున నడిచేటప్పుడు వంతెన వస్తే ఏంచేసేవాళ్లు?

సుధ_కవెంట్రీ • 4 జూన్, రాత్రి 8:45

అడిగాను. గాట్లు చూశారట, చూడటమే కాదు, ఒకదానిలో నాలుగు వేళ్లూ పెట్టి కొలిచారట. ఇటుకలో వేలు మునిగేంత లోతు. ఆయన చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను:

"మా వైపు తాడు తెరచాప కొయ్య పైనుంచి వచ్చేది. లాగేవాళ్లు ఇద్దరో ముగ్గురో, ఛాతీకి అడ్డంగా పట్టీ వేసుకుని ముందుకి వంగి నడిచేవాళ్లు. వంతెన దగ్గరికి రాగానే సరంగు ఒక కేక వేసేవాడు. తాడు వదిలేసి, కొయ్య వంచి, పడవ తన ఊపుతో కిందనుంచి దాటేలోపు వాళ్లు గట్టెక్కి అవతలికి పరిగెత్తేవాళ్లు. తాడు విసిరితే అందుకునేవాళ్లు. అందకపోతే నీళ్లలో దిగి తెచ్చుకోవడమే. మా వంతెనలకి గాట్లు లేవు. గాట్లన్నీ ఆ మనుషుల భుజాల మీదే ఉండేవి, నేను చూశాను."

హాటన్ సంగతి కూడా చెప్పాను. తన వీసా ఎప్పటిదాకా ఉందో చూడమన్నారు. రఫీ గారూ, సెప్టెంబరు మొదటి వారంలో మీకు కుదురుతుందా?